కారులో ఫోన్ ఛార్జర్‌ను నేరుగా వైరింగ్‌కు కలుపుతున్నారా? ఆ చిన్న ఫ్యూజ్ లేకపోతే పెద్ద ముప్పే!

హైదరాబాద్‌లో ఏ క్యాబ్ ఎక్కినా డ్రైవర్ ముందు ఒక ఫోన్, ఒక్కోసారి రెండు ఫోన్లు కనిపిస్తాయి. ఒకదాంట్లో రైడ్ యాప్, ఇంకోదాంట్లో మ్యాప్. పొద్దున్నుంచి రాత్రి దాకా స్క్రీన్ వెలుగుతూనే ఉండాలి. ఛార్జింగ్ ఆగిపోతే ఆ రోజు బేరాలు కూడా ఆగిపోయినట్టే. సొంత కారులో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లదీ ఇదే కథ. మ్యాప్, పాటలు, వెనక సీట్లో పిల్లల వీడియోలు.. ఉన్న సాకెట్ మాత్రం ఒక్కటే.

అందుకే చాలామంది ఛార్జర్‌ను సాకెట్‌లో గుచ్చడం మానేసి, నేరుగా కారు వైరింగ్‌కే కలిపించుకుంటున్నారు. దీన్నే హార్డ్‌వైరింగ్ అంటారు. వైర్లు బయటికి కనిపించవు. సాకెట్ ఖాళీగా ఉంటుంది. చూడ్డానికి కంపెనీ ఫిట్టింగ్‌లా ఉంటుంది. పని కూడా పెద్ద కష్టమేం కాదు. కానీ ఇందులో ఒక చిన్న విషయం వదిలేస్తే డాష్‌బోర్డ్ వెనక మంట పుట్టే ప్రమాదం ఉంది. ఆ చిన్న విషయమే ఫ్యూజ్. ఎక్కడ పెట్టాలి? ఎన్ని ఆంప్స్‌ది పెట్టాలి? కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు హార్డ్‌వైరింగ్ అందరికీ అవసరమా?

ముందు ఇది తేల్చుకోవాలి. రోజుకు గంటో రెండు గంటలో కారు నడిపేవాళ్లకు సాకెట్‌లో పెట్టే మంచి ఛార్జర్ సరిపోతుంది. దానికి వైర్లు కత్తిరించే పని లేదు, ప్యానెల్ విప్పే పని లేదు.

హార్డ్‌వైరింగ్ ఎవరికి ఉపయోగమంటే.. రోజంతా బండి మీదే ఉండే డ్రైవర్లకు, డాష్‌క్యామ్ పెట్టుకునేవాళ్లకు, సాకెట్ అరిగిపోయి ఛార్జర్ ఊడిపోతున్నవాళ్లకు, వెనక సీట్ల దగ్గర కూడా యూఎస్‌బీ పోర్టులు కావాలనుకునేవాళ్లకు. సాకెట్‌లో ప్లగ్ వదులుగా ఉంటే గుంత పడ్డప్పుడల్లా కాంటాక్ట్ పోయి వస్తుంది. అక్కడ వేడి కూడా పుడుతుంది. హార్డ్‌వైరింగ్‌లో ఈ బాధ ఉండదు.

కారులో ఉండేది 12 వోల్టులు, ఫోన్‌కు కావాల్సింది 5 వోల్టులు

ఫోన్ కేబుల్‌ను కోసి నేరుగా బ్యాటరీకి కలిపేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అలా చేస్తే ఫోన్ అక్కడికక్కడే పాడవుతుంది. మామూలు యూఎస్‌బీ ఛార్జింగ్ 5 వోల్టుల మీద నడుస్తుంది. కారు బ్యాటరీ ఫుల్‌గా ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి కొలిస్తే దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆల్టర్నేటర్ పని మొదలుపెడుతుంది కాబట్టి సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్యకు పెరుగుతుంది. సెల్ఫ్ కొట్టే క్షణంలో మాత్రం 10 వోల్టుల దాకా, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. మధ్యమధ్యలో క్షణకాలం పాటు బాగా ఎక్కువ వోల్టేజీ కూడా వచ్చిపోతుంది.

ఇన్ని ఎగుడుదిగుళ్లున్న కరెంటును ఫోన్‌కు సరిపడేలా తగ్గించి, నిలకడగా ఇచ్చే పరికరం మధ్యలో ఉండాలి. దాన్నే డీసీ టు డీసీ కన్వర్టర్ అంటారు. సాకెట్‌లో పెట్టే కార్ ఛార్జర్ లోపల ఉండేది కూడా ఇదే. హార్డ్‌వైరింగ్ కోసం ఇది చిన్న డబ్బా రూపంలోనో, ప్యానెల్‌లో బిగించే యూఎస్‌బీ సాకెట్ రూపంలోనో దొరుకుతుంది. కొనేటప్పుడు ఇన్‌పుట్ దగ్గర 12 నుంచి 24 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసుకోండి.

ఫాస్ట్ ఛార్జింగ్ సంగతేంటి? టైప్-సి పవర్ డెలివరీ పద్ధతిలో ఫోన్, ఛార్జర్ ముందుగా ఒకదాంతో ఒకటి సమాచారం పంచుకుంటాయి. ఫోన్ అడిగితేనే ఛార్జర్ 5 వోల్టుల నుంచి 9 వోల్టులకు, ఇంకా పైకి వెళ్తుంది. కాబట్టి ఉత్త 5 వోల్టులు ఇచ్చే చవక బోర్డు పెడితే ఫోన్ నెమ్మదిగానే ఛార్జ్ అవుతుంది. ఫోన్ బాక్స్ మీద ఏ పద్ధతి రాసి ఉందో, ఛార్జర్ మీద కూడా అదే ఉండాలి.

ఫ్యూజ్ ఫోన్ కోసం కాదు, వైరు కోసం

అసలు విషయం ఇక్కడే ఉంది. ఫ్యూజ్ ఫోన్‌ను కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫ్యూజ్ ఉండేది వైరును కాపాడడానికి.

ఎలాగంటే.. కారు బ్యాటరీ చూడ్డానికి చిన్నదే. కానీ స్టార్టర్ మోటార్‌ను తిప్పడానికి కొన్ని సెకన్ల పాటు వందకు పైగా ఆంప్స్ ఇవ్వగలదు. అంత శక్తి ఉన్నచోట మీరు సన్నటి వైరు కలిపారనుకోండి. ఆ వైరు డాష్‌బోర్డ్ లోపల ఏదో రేకు అంచుకు రాసుకుని, పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు చిరిగి, లోపలి రాగి కారు బాడీకి తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ సన్న వైరులోంచే పరుగెడుతుంది. కొన్ని సెకన్లలోనే వైరు ఎర్రగా కాలిపోతుంది. చుట్టూ ఉండేది ప్లాస్టిక్, స్పాంజ్, కార్పెట్. ఇక చెప్పాల్సిన పని లేదు.

మధ్యలో 3 ఆంప్స్ ఫ్యూజ్ ఉంటే ఇంత కథ జరగదు. షార్ట్ అయిన క్షణంలో ఫ్యూజ్ కాలి తెగిపోతుంది. ఫోన్ ఛార్జింగ్ ఆగిపోతుంది. నష్టం అంతే.

అందుకే రెండు నియమాలు గుర్తుంచుకోండి. మొదటిది, ఫ్యూజ్ ఛార్జర్ దగ్గర కాదు, కరెంటు తీసుకునే చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాకా ఉండే వైరుకు ఏ రక్షణా ఉండదు. ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. రెండోది, ఫ్యూజ్ రేటింగ్ ఆ వైరు మోయగలిగే కరెంటు కన్నా ఎప్పుడూ తక్కువే ఉండాలి.

మన ఇళ్లలో పాతకాలం పింగాణీ ఫ్యూజ్ గుర్తుందా? మాటిమాటికీ పోతోందని ఒక పోగు బదులు నాలుగు పోగులు చుట్టేసేవాళ్లు. దాంతో ఫ్యూజ్ పోవడం ఆగేది, గోడలో వైరు కాలడం మొదలయ్యేది. కారులో 3 ఆంప్స్ ఫ్యూజ్ పోతోందని 20 ఆంప్స్‌ది పెట్టడం, సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టి పెట్టడం కూడా అలాంటిదే. ఫ్యూజ్ పోతోందంటే ఎక్కడో తప్పుంది. దాన్ని వెతకాలి.

ఎన్ని ఆంప్స్ ఫ్యూజ్ కావాలి? చిన్న లెక్క చాలు

ఛార్జర్ మీద రాసిన వాట్లను 12తో భాగించండి. కన్వర్టర్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి పదో వంతు కలపండి. వచ్చిన అంకె ఫ్యూజ్ రేటింగ్‌లో మూడు వంతులు దాటకుండా చూసుకోండి.

12 వాట్ల మామూలు ఛార్జర్ కారు నుంచి తీసుకునేది దాదాపు 1.1 ఆంప్స్. దీనికి 2 లేదా 3 ఆంప్స్ ఫ్యూజ్ సరిపోతుంది.

30 వాట్ల ఫాస్ట్ ఛార్జర్ తీసుకునేది దాదాపు 2.8 ఆంప్స్. దీనికి 5 ఆంప్స్ ఫ్యూజ్.

ల్యాప్‌టాప్‌ను కూడా ఛార్జ్ చేసే 65 వాట్ల ఛార్జర్ అయితే దాదాపు 6 ఆంప్స్. దీనికి 10 ఆంప్స్ ఫ్యూజ్, అందుకు తగ్గట్టే మందమైన వైరు.

వైరు విషయానికొస్తే, 5 ఆంప్స్ ఫ్యూజ్ దాకా 1 చదరపు మిల్లీమీటర్ రాగి వైరు నిశ్చింతగా పనిచేస్తుంది. 10 ఆంప్స్ అయితే 1.5 చదరపు మిల్లీమీటర్లు తీసుకోండి. ఒకే గట్టి తీగ ఉండే ఇంటి వైరు కాదు, సన్నపోగులు ఎక్కువగా ఉండే ఆటో వైరు అడగండి. కారు అదురుకు గట్టి తీగ విరిగిపోతుంది. ఛార్జర్ కంపెనీ తన కిట్‌లోనే వైరు, ఫ్యూజ్ ఇచ్చి ఉంటే ఆ రేటింగ్‌నే వాడాలి, మార్చకూడదు.

బ్లేడ్ ఫ్యూజులను రంగును బట్టి కూడా గుర్తుపట్టొచ్చు. 3 ఆంప్స్ వంకాయ రంగు, 5 ఆంప్స్ లేత గోధుమ రంగు, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. అయినా సరే, పైన ముద్రించిన అంకె చూశాకే పెట్టండి.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

మొత్తం మూడు దారులున్నాయి.

మొదటి దారి, ఉన్న 12 వోల్ట్ సాకెట్ వెనక నుంచి. అందరికీ తేలికైనది ఇదే. ఆ వైరుకు ఫ్యూజ్ బాక్సులో ఇప్పటికే ఫ్యూజ్ ఉంటుంది. చాలా కార్లలో తాళం తిప్పితేనే కరెంటు వస్తుంది. కానీ ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. సాకెట్‌కు ఉండే ఫ్యూజ్ చాలా కార్లలో 15 లేదా 20 ఆంప్స్‌ది. అది కంపెనీ వేసిన మందపాటి వైరుకు సరిపోయేది. మీరు కొత్తగా కలిపే సన్న వైరును అది కాపాడలేదు. కాబట్టి సాకెట్ వైరుకు మీ వైరు కలిసిన చోటే ఫ్యూజ్ హోల్డర్ పెట్టి, అందులో విడిగా చిన్న ఫ్యూజ్ వేయాల్సిందే.

రెండో దారి, డాష్‌బోర్డ్ కింద ఉండే ఫ్యూజ్ బాక్స్ నుంచి. దీనికి ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. ఉన్న ఫ్యూజ్‌ను తీసేసి ఆ చోట దీన్ని గుచ్చుతారు. ట్యాప్‌లో రెండు అరలు ఉంటాయి. ఒకదాంట్లో పాత ఫ్యూజ్, రెండోదాంట్లో ఛార్జర్ ఫ్యూజ్. కారు వైరు ఒక్కటి కూడా కోయక్కర్లేదు. రేపు కారు అమ్మేటప్పుడు ట్యాప్ పీకేసి పాత ఫ్యూజ్ పెట్టేస్తే ఎప్పటిలా ఉంటుంది. చేతనైనవాళ్లకు ఇదే మంచి పద్ధతి.

మూడో దారి, బ్యాటరీ నుంచి నేరుగా. బానెట్ లోపలి నుంచి క్యాబిన్‌లోకి వైరు లాగాలి. ఇంజిన్ వేడి, రేకు రంధ్రాల అంచులు, వాన నీళ్లు.. అన్నిటి నుంచీ దాన్ని కాపాడాలి. పైగా తాళం తీసినా కరెంటు ఆగదు. ఒక్క ఫోన్ ఛార్జర్ కోసం ఇంత అవసరం లేదు. తప్పదనుకుంటే బ్యాటరీకి జానెడు దూరం లోపే ఫ్యూజ్ ఉండాలి.

ఏ ఫ్యూజ్ దగ్గర ట్యాప్ పెట్టినా ఇబ్బంది లేదా అంటే, ఉంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంప్, స్టీరింగ్ సర్క్యూట్ల జోలికి అస్సలు వెళ్లొద్దు. సాకెట్, మ్యూజిక్ సిస్టమ్ లాంటి ప్రాణం మీదికి రాని సర్క్యూట్లనే ఎంచుకోండి. ఏ అరలో ఏముందో ఫ్యూజ్ బాక్స్ మూత వెనక గానీ, ఓనర్ మాన్యువల్‌లో గానీ రాసి ఉంటుంది.

తాళం తీస్తే ఆగాలా, ఎప్పుడూ ఉండాలా?

కారులో కరెంటు వచ్చే లైన్లు రెండు రకాలు. తాళం తిప్పితేనే వచ్చేది ఒకటి, దాన్ని ఏసీసీ లైన్ అంటారు. తాళం తీసినా ఎప్పుడూ ఉండేది ఇంకోటి. ఫోన్ ఛార్జర్‌కు ఏసీసీ లైనే కలపాలి.

ఎందుకో లెక్క చూడండి. ఫోన్ పెట్టకపోయినా ఛార్జర్ లోపలి సర్క్యూట్, దాని మీద వెలిగే ఎల్‌ఈడీ కొంత కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 20 మిల్లీఆంప్స్ అనుకుందాం. రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. చిన్న కార్లలో చాలావాటికి 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. నెల రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ఛార్జర్ ఒక్కటే అందులో 14 దాకా లాగేస్తుంది. కారు సొంత గడియారం, అలారం, లాక్ సిస్టమ్ తాగేది దీనికి అదనం. బ్యాటరీ పాతదైతే సెల్ఫ్ అందుకోదు.

డాష్‌క్యామ్ అయితే ఇంకా తొందరగా. పార్కింగ్‌లో కూడా రికార్డ్ చేస్తూ 300 మిల్లీఆంప్స్ తీసుకుంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్స్. అదే చిన్న బ్యాటరీ రెండు మూడు రోజుల్లోనే సగానికి పడిపోతుంది. ఎప్పుడూ కరెంటు ఉండే లైన్‌కు డాష్‌క్యామ్ కలిపితే, వోల్టేజీ ఒక స్థాయికి తగ్గగానే దానంతట అదే ఆగిపోయే కటాఫ్ ఉన్న కిట్ తీసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

మల్టీమీటర్ లేదా 12 వోల్ట్ టెస్ట్ ల్యాంప్, మీ కారు ఫ్యూజ్ సైజుకు సరిపోయే ట్యాప్, ఛార్జర్‌కు తగిన ఫ్యూజులు, క్రింపింగ్ ప్లయర్, రింగ్ టెర్మినల్, హీట్ ష్రింక్ స్లీవ్, వైర్ టైలు, ప్యానెల్ విప్పడానికి ప్లాస్టిక్ పట్టీ. ఫ్యూజుల్లో మామూలు, మినీ, లో ప్రొఫైల్, మైక్రో అని రకాలున్నాయి. ఒక సైజు ట్యాప్ ఇంకో సైజు అరలో కూర్చోదు. కారులోని ఫ్యూజ్ ఒకటి తీసి షాపుకు పట్టుకెళ్లి చూపించడం ఉత్తమం.

ఎలా బిగించాలి? ఒక్కో అడుగూ ఇదీ..

1. తాళం ఆన్ చేసి, మల్టీమీటర్‌తో ఏ ఫ్యూజ్‌కు కరెంటు వస్తోందో చూడండి. తాళం తీయగానే అది సున్నాకు వస్తే అదే మీకు కావాల్సిన లైన్. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా కొన్ని నిమిషాలు కరెంటు ఉంటుంది, కాబట్టి కాస్త ఆగి మళ్లీ చూడండి.

2. ఆ ఫ్యూజ్ తీసి, అరలోని రెండు కాంటాక్టుల్లో ఏ వైపు కరెంటు వస్తోందో గుర్తుపెట్టుకోండి. ఒకటి సప్లై వైపు, రెండోది పరికరం వైపు.

3. ఇప్పుడు తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. ముందు నెగటివే ఎందుకంటే, కారు బాడీ మొత్తం నెగటివ్‌కే కలిసి ఉంటుంది. పాజిటివ్ విప్పుతుంటే పానా బాడీకి తగిలిందంటే పెద్ద నిప్పురవ్వలు లేస్తాయి. నెగటివ్ విప్పేటప్పుడు తగిలినా ఏం కాదు. కొన్ని కార్లలో బ్యాటరీ తీస్తే గడియారం, పవర్ విండో సెట్టింగులు మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది. మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

4. ఛార్జర్ పాజిటివ్ వైరును ఫ్యూజ్ ట్యాప్ వైరుకు క్రింప్ చేయండి. పైన ష్రింక్ స్లీవ్ వేయండి. ఉత్త టేపు చుడితే మన ఎండలకు జిగురు కరిగి ఊడిపోతుంది.

5. ట్యాప్‌ను సరైన దిశలో గుచ్చండి. రెండు ఫ్యూజులకూ కరెంటు అందించే కాలు సప్లై వైపు ఉండాలి. చాలా ట్యాపుల్లో ఇది వైరు బయటికొచ్చే వైపుకు ఎదురుగా ఉండే కాలు.

6. నెగటివ్ వైరుకు రింగ్ టెర్మినల్ వేసి, డాష్‌బోర్డ్ కింద బాడీకి నేరుగా తగిలే బోల్టుకు బిగించండి. దీన్నే ఎర్త్ అంటాం. రంగు వేసిన చోట ఎర్త్ సరిగ్గా అందదు. ప్లాస్టిక్‌లో దిగిన స్క్రూకు అసలే అందదు. ఎయిర్‌బ్యాగ్ వైర్ల ఎర్త్ బోల్టును మాత్రం ముట్టుకోవద్దు.

7. పెడల్స్, స్టీరింగ్ రాడ్ దగ్గరికి వైరు వేలాడకుండా టైలతో కట్టేయండి. బ్రేక్ పెడల్ కింద చిక్కుకున్న వైరు షార్ట్ సర్క్యూట్ కన్నా ప్రమాదం.

8. బ్యాటరీ నెగటివ్ తిరిగి బిగించి, తాళం ఆన్ చేసి చూడండి. ఫోన్ పెట్టే ముందు యూఎస్‌బీ టెస్టర్ ఉంటే 5 వోల్టులు వస్తున్నాయో లేదో కొలవండి.

9. ఆఖరి పరీక్ష ఒకటుంది. ట్యాప్‌లోంచి పాత ఫ్యూజ్‌ను ఒక్కసారి తీయండి. ఛార్జర్ అప్పటికీ పనిచేస్తుంటే ట్యాప్ సరైన దిశలో ఉన్నట్టు. ఆగిపోయిందంటే తిరగేసి పెట్టారని అర్థం. అప్పుడు ఛార్జర్ కరెంటు కూడా పాత ఫ్యూజ్ మీదే పడుతుంది. తీసి, తిప్పి పెట్టండి. పాత ఫ్యూజ్ మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు.

మొదటి రోజు అరగంట ఛార్జింగ్ అయ్యాక జాయింట్లు, ఫ్యూజ్ దగ్గర చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే జాయింట్ వదులుగా ఉన్నట్టే.

ఏ-పిల్లర్ దగ్గర వైరు లాగుతున్నారా? ఆగండి

డాష్‌క్యామ్‌కో, అద్దం దగ్గర పెట్టిన ఫోన్‌కో వైరు పైకి తీసుకెళ్లాలంటే ముందు అద్దం పక్కన ఉండే స్తంభం, అంటే ఏ-పిల్లర్ మీదుగా వెళ్లాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఆ ప్లాస్టిక్ వెనకే అది మడిచి ఉంటుంది. వైరు ఎయిర్‌బ్యాగ్‌కు ముందు నుంచి వెళ్తే, యాక్సిడెంట్ సమయంలో అది తెరుచుకోవడానికి అడ్డుపడొచ్చు. వైరు ఎప్పుడూ ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచే వెళ్లాలి. పసుపు రంగు కనెక్టర్లు కనిపించాయంటే అవి చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌వే. వాటిని విప్పొద్దు, మీటర్ పెట్టి కొలవొద్దు. ఈ పని మెకానిక్‌కు వదిలేయడమే మంచిది.

ఫోన్ హోల్డర్‌ను కూడా డాష్‌బోర్డ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోట బిగించకూడదు. అది తెరుచుకున్న వేగానికి ఫోన్ రాయిలా ముఖానికి వచ్చి తగులుతుంది.

హోల్డర్ చట్టం కోసం కూడా అవసరమే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవింగ్‌లో ఫోన్ చేతిలో పట్టుకుని వాడడం ప్రమాదకర డ్రైవింగ్ కిందకే వస్తుంది. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు దారి చూసుకోవడానికి మాత్రమే వెసులుబాటు ఇచ్చాయి, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా.

మన ఎండల సంగతి మర్చిపోవద్దు

ఏప్రిల్, మే నెలల్లో ఎండలో పార్క్ చేసిన కారు డాష్‌బోర్డ్ మీద చేయి పెట్టలేం. ఫోన్ లోపల ఉండే లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు. ఉదాహరణకు ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడాలని, 45 డిగ్రీలు దాటే చోట ఉంచొద్దని ఆపిల్ చెబుతోంది. వేడి ఎక్కితే ఫోన్ తానే ఛార్జింగ్ తగ్గించేస్తుంది. ఛార్జర్ బాగోలేదని తిట్టుకునే ముందు ఫోన్‌ను ఏసీ గాలి తగిలే చోటికి మార్చి చూడండి. కన్వర్టర్ డబ్బాను కూడా కార్పెట్ కింద, స్పాంజ్ మధ్యలో కుక్కకుండా గాలి ఆడే చోట బిగించండి.

ఎలక్ట్రిక్ కారు, లారీ, బైక్ ఉంటే?

ఎలక్ట్రిక్ కారులో కూడా లైట్లు, లాక్‌లు, స్క్రీన్ కోసం విడిగా 12 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. ఛార్జర్ కలిపేది దానికే. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే మాత్రం చేయి వెనక్కి తీసుకోండి. అది ప్రాణాలు తీసే హై వోల్టేజ్ లైన్.

లారీలు, బస్సుల్లో చాలావరకు 24 వోల్టులు ఉంటాయి. కారు కోసం చేసిన, 12 వోల్టులకే పనికొచ్చే ఛార్జర్ అక్కడ కాలిపోతుంది. రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి కదా అని ఒక్కదాని నుంచే 12 వోల్టులు లాగడం కూడా తప్పు. రెండూ సమానంగా ఛార్జ్ కాక బ్యాటరీలు త్వరగా పోతాయి.

బైక్‌కైతే వాన నీళ్లు వెళ్లని, మూత ఉన్న యూఎస్‌బీ సాకెట్ కావాలి. ఫ్యూజ్ నియమం మాత్రం అక్కడా ఇదే.

వారంటీ, బీమా ఏమవుతాయి?

కంపెనీ వైరును కోసి జాయింట్ వేస్తే, రేపు ఆ సర్క్యూట్‌లో సమస్య వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్‌లో వాదన తప్పదు. వారంటీ ఉన్న కొత్త కారైతే ముందు వారంటీ బుక్ చదవండి. ఫ్యూజ్ ట్యాప్ పద్ధతిలో వైరు కోయరు కాబట్టి తలనొప్పి తక్కువ. అలాగే కంపెనీ ఇవ్వని ఎలక్ట్రికల్ యాక్సెసరీలకు బీమాలో విడిగా కవర్ ఉంటుంది. డాష్‌క్యామ్, స్క్రీన్ లాంటి ఖరీదైనవి పెట్టించుకుంటే పాలసీలో వాటిని చూపించడం మంచిది. బిల్లు దాచుకోండి.

మెకానిక్‌తో చేయిస్తున్నారా? ఈ మూడు ప్రశ్నలు అడగండి

మల్టీమీటర్ పట్టుకోవడం అలవాటు లేకపోతే అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవడమే మేలు. కానీ పక్కనే నిలబడి మూడు ప్రశ్నలు అడగండి. "అన్నా, కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నావ్?" "ఫ్యూజ్ ఎక్కడ పెట్టావ్, ఎన్ని ఆంప్స్‌ది?" "తాళం తీస్తే ఛార్జర్ ఆగుతుందా?" మూడింటికీ చూపించి మరీ జవాబు చెబితే పని సరిగ్గా చేసినట్టు. "ఫ్యూజ్ ఎందుకులే, చిన్న ఛార్జరే కదా" అన్నాడంటే కారు తాళం తీసుకుని ఇంకో షాపుకు వెళ్లండి.

ఛార్జర్ చిన్నదే కావచ్చు. దాని వెనక ఉన్న బ్యాటరీ చిన్నది కాదు. ఇప్పటికే మీ కారులో ఛార్జర్ కలిపించి ఉంటే ఇవాళ ఒకసారి డాష్‌బోర్డ్ కిందకి వంగి, ఆ వైరు వెంట వెళ్లి చూడండి. కరెంటు తీసుకున్న చోట ఫ్యూజ్ కనిపించిందా సరే. కనిపించకపోతే, అది పెట్టించేదాకా ఆ వైరు విప్పి పక్కన పెట్టడమే మంచిది.